వాల్వు మీద సుద్దగీత

ఆసుపత్రి వెనక, బట్టలుతికే గదులు దాటాక, ఒక పొడవాటి రేకుల షెడ్డు ఉంది. షెడ్డు పక్కన ఇనుప కంచెలో ఆక్సిజన్ ట్యాంకు. మండుటెండలో కూడా దాని కింది గొట్టాలు తెల్లగా మంచు కట్టి, సన్నగా బుసకొడుతూ ఉంటాయి. ఆ షెడ్డులో పగటి డ్యూటీ చేసే మనిషికి సొంత పేరు ఒకటుందన్న సంగతి జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. నర్సుల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆయన బాబాయే. పెద్ద డాక్టరు వయసులో బాబాయ్ కంటే పెద్దవాడు. అయినా అంతే.

రాత్రి డ్యూటీ చాలా ఏళ్లు, అందరూ పెద్దాయన అని పిలిచే ఇంకో మనిషి చేశాడు. పొద్దున ఒకరు దిగి ఒకరు ఎక్కే ఆ కాసేపట్లోనే వాళ్లిద్దరి స్నేహమంతా. పెద్దాయన వెళ్తూ వెళ్తూ గొట్టాలనీ సిలిండర్లనీ ఒకసారి తట్టి, "పిల్లలు నిద్రపోతున్నారు, గొడవ చెయ్యకు" అనేవాడు. జబ్బు వచ్చి ఊరి మీద పడ్డాక ఆ పెద్దాయన కూడా అదే ఆసుపత్రిలో, పై అంతస్తులో, ఇన్నేళ్లూ తను పంపిన ఆక్సిజనే పీలుస్తూ పోయాడు. బాబాయ్ చివరి చూపుకు కూడా నోచుకోలేదు. షెడ్డు వదిలి వెళ్దామంటే అక్కడ కూర్చోవడానికి ఇంకో మనిషి లేడు. ఆ మర్నాడే ఆ కుర్చీలోకి కొత్తాయన వచ్చాడు.

కొత్తాయన బక్కపలచటి మనిషి. ఏదో ఫ్యాక్టరీలో బాయిలర్ల దగ్గర పనిచేసి వచ్చాడు. నోట్లో నాలుక ఉందో లేదో అన్నట్టుండేవాడు. ఏం చెప్పినా "సరే అన్నా" తప్ప రెండో మాట లేదు. పని బాగానే వచ్చు. వేలెత్తి చూపించడానికి ఏమీ దొరకదు. బాబాయ్‌కి ఒళ్లు మండేది అందుకే.

తర్వాత ఆ మధ్యాహ్నం వచ్చింది.

రావలసిన ట్యాంకరు వేళకు రాలేదు. ట్యాంకులో మట్టం అడుగంటింది. అలాంటప్పుడు షెడ్డులో వరుసగా నిలబెట్టిన సిలిండర్లు తమంతట తామే అందుకోవాలి. ఆ వరుసకూ ఆసుపత్రి గొట్టానికీ మధ్య ఒక వాల్వు ఉంది. అది ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఖాళీ సిలిండర్లు తీసి నిండువి పెట్టేటప్పుడు మాత్రం కాసేపు మూస్తారు. ఆ మధ్యాహ్నం అలారం మోగగానే బాబాయ్ ఒక్క ఉరుకున వెళ్లి ఆ వాల్వు చక్రం తిప్పాడు. మీటరు ముల్లు కిందికి జారింది, కాసేపు ఊగిసలాడింది, మళ్లీ నెమ్మదిగా లేచింది. ఆ కాసేపట్లో పైన వార్డులో ఏం జరిగిందో ఆయన చూడలేదు. సాయంత్రం వెనక దారిన నిండా గుడ్డ కప్పిన స్ట్రెచర్లు ఒకదాని వెంట ఒకటి వెళ్తుంటే చూశాడు.

విచారణ జరిపారు. ట్యాంకరు ఆలస్యం, సిబ్బంది తప్పేమీ లేదు అని తేల్చారు. అందరూ గండం గడిచిందనుకున్నారు. బాబాయ్ మాత్రం అనుకోలేకపోయాడు. ఆయన్ని అడగని ప్రశ్న ఒకటుంది, ఆయనా నోరు విప్పలేదు. తను చక్రం తిప్పాడు. తెరిచే ఉండవలసిన వాల్వును తిప్పాల్సిన పనేమిటి? తిప్పితే తిరిగిందంటే మూసి ఉన్నట్టా? లేక కంగారులో, తెరిచి ఉన్నదాన్నే పట్టుకుని అటూ ఇటూ ఊపాడా? ఎంత తలచుకున్నా ఆ చక్రం చల్లగా అరచేతికి తగిలిన సంగతి తప్ప ఇంకేమీ గుర్తు రాదు.

మూసి ఉంటే ఎవరు మూశారు? ఆ తెల్లవారుజామున సిలిండర్లు మార్చింది కొత్తాయన.

ఆ ఆలోచన ఒకసారి బుర్రలో దూరాక ఇక బయటికి పోలేదు. బాబాయ్ ఎవరితోనూ అనలేదు. ఒక సుద్దముక్క తెచ్చి, వాల్వు పూర్తిగా తెరిచి, చక్రం అంచు మీదుగా గొట్టం మీదికి ఒక గీత గీశాడు. ఎవరైనా చక్రాన్ని వేలెడంత కదిపినా గీత రెండు ముక్కలవుతుంది.

మర్నాడు పొద్దున వచ్చి చూస్తే గీత రెండు ముక్కలై ఉంది.

కొత్తాయన అప్పటికే సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"రాత్రి సిలిండర్లేమైనా మార్చావా?" బాబాయ్ వీలైనంత మామూలుగా అడిగాడు.

"లేదన్నా."

"వాల్వు ముట్టుకున్నావా?"

కొత్తాయన ఒక్క క్షణం ఆగాడు. "ఎందుకు ముట్టుకుంటానన్నా?" అని వెళ్లిపోయాడు.

ఆ ఒక్క క్షణాన్ని బాబాయ్ రోజంతా నమిలాడు. తప్పు చేయనివాడు ఆగడు. ఆగాడంటే ఆలోచించాడు. ఆలోచించాడంటే అబద్ధం వెతుక్కున్నాడు. గీత చెరిపేసి మళ్లీ గీశాడు. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని, లేచి వాల్వు చూసి వచ్చాడు. మళ్లీ రెండు ముద్దలు, మళ్లీ వాల్వు. తెరిచి ఉందో లేదో కళ్లతో చూస్తే చాలదనిపించి చేత్తో తిప్పి చూడటం మొదలుపెట్టాడు. మూసే వైపు కొంచెం, తిరిగి తెరిచే వైపు పూర్తిగా, ఆపైన కొత్త సుద్దగీత. సాయంత్రానికి ఆయన వేళ్లన్నీ తెల్లబడిపోయేవి.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఒక పొద్దున మాత్రం గీత చెక్కుచెదరకుండా ఉంది. బాబాయ్ తేలిగ్గా ఊపిరి వదలబోయి ఆగిపోయాడు. తన చెయ్యి వణుకుతుంది, తను గీసే గీత వంకర. ఈ గీత స్కేలు పెట్టి కొట్టినట్టు తిన్నగా ఉంది. ఎవరో తుడిచి మళ్లీ గీశారు. కొత్తాయనకు సంగతి తెలిసిపోయింది. తెలిసి, తెలియనట్టు నటిస్తున్నాడు.

ఇంకో పొద్దున త్వరగా వచ్చి కిటికీలోంచి తొంగి చూస్తే, కొత్తాయన ఫోను ఎత్తి పట్టుకుని వాల్వుకు ఫొటో తీస్తున్నాడు. అడుగుల చప్పుడు వినగానే తేలు కుట్టిన దొంగలా ఫోను జేబులో కుక్కుకున్నాడు. అప్పుడు బాబాయ్‌కి అంతా విడమరిచి చెప్పినట్టు అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాడు. వీడు రాత్రి వాల్వు కదిపి, పొద్దున తన డ్యూటీ వేళకు అది సరిగా లేదని రుజువులు పోగేస్తున్నాడు. విచారణ మళ్లీ తెరుస్తారు. ఈసారి దొంగ తనే అవుతాడు.

ఇంట్లో ఆయన ముందుగదిలో విడిగా పడుకునేవాడు. పడుకునేవాడంటే మంచం మీద ఉండేవాడని అర్థం. కంటి మీద కునుకు వాలి ఎన్నాళ్లయిందో. కాసేపటికోసారి లేచి వంటింట్లోకి వెళ్లి గ్యాసు రెగ్యులేటరు తిప్పి చూసి వచ్చేవాడు. మొదట్లో భార్య నవ్వింది. "ఆ రెగ్యులేటరుకి నోరుంటే మీ మీద పోలీసు కేసు పెట్టేది" అంది. కాలేజీలు మూతబడి ఇంట్లోనే పాఠాలు వింటున్న కూతురు, "నాన్నా, స్టవ్వుకి ఇంకో డ్యూటీ మనిషిని పెడదామా?" అని అడిగింది. తర్వాత తర్వాత వాళ్లు నవ్వడం మానేశారు. ఆయన గదిలోకి వస్తే మాటలు ఆపేసేవాళ్లు. అదీ బాబాయ్ కనిపెట్టాడు.

ఒకరోజు పెరట్లో బట్టలారేస్తూ భార్య ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "ఆయనకు మాత్రం తెలియనివ్వకండి" అన్న మాట ఒక్కటి చెవిన పడింది.

"ఎవరు ఫోన్లో?" అన్నాడు బాబాయ్.

ఆమె ఉలిక్కిపడింది. "మా చెల్లెలు."

"చెల్లెల్ని ఎప్పట్నుంచి మీరు అంటున్నావు?"

ఆమె తడిబట్ట ఒకటి దులిపింది. దులిపిన బట్టనే మళ్లీ దులిపింది. ఆమె లోపలికి వెళ్లాక, వదిలి వెళ్లిన ఆమె ఫోను బాబాయ్ తీసి చూశాడు. చివర మాట్లాడిన నంబరు ఆసుపత్రిది. అంటే వాళ్లు ఇంటి దాకా వచ్చేశారన్నమాట. తను ఎప్పుడు లేస్తాడు, ఏం మాట్లాడతాడు, అన్నీ కట్టుకున్న మనిషి దగ్గరే ఆరా తీస్తున్నారన్నమాట. ఆ రోజు భార్య పెట్టిన టీ తాగకుండా వదిలేసి డ్యూటీకి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నమే హెడ్ సిస్టర్ షెడ్డు దగ్గరికి దిగి వచ్చింది. ఆమె మామూలుగా అటు వచ్చే మనిషి కాదు. ముక్కు మీద మాస్కు కోసిన గుర్తు ఎర్రగా ఉంది.

"బాబాయ్, రెండో అంతస్తులో కొత్తగా ఒక డాక్టరమ్మ కూర్చుంటోంది. మన స్టాఫ్ కోసమే. మనసులో ఏదైనా ఉంటే చెప్పుకోవచ్చు. ఒకసారి వెళ్లి రా."

"నాకేం జబ్బు సిస్టరమ్మా?"

"జబ్బుండాలా ఏమిటి? నేనూ వెళ్లాను."

"వెళ్లి ఏం చెప్పావు?"

హెడ్ సిస్టర్ ఆయన కళ్లలోకి చూసింది. "నా సంగతి నేను చెప్పుకున్నాను బాబాయ్. ఇంకెవరి సంగతి చెప్తాను?"

"రాసుకుంటుందా ఆవిడ?"

"రాసుకుంటే ఏం?"

బాబాయ్ తల ఊపి గొట్టాల వైపు తిరిగాడు. రాసుకుంటుంది. రాసుకున్నది ఎవరి బల్ల మీదికి వెళ్తుందో తనకు తెలుసు. హెడ్ సిస్టర్ కూడా వాళ్లలోనే ఉంది. ఎన్నో ఏళ్లుగా, ఆమె ట్రైనింగ్ పిల్లగా వచ్చినప్పట్నుంచీ, బాబాయ్ అని పిలిచిన ఆమె కూడా. ఇక ఎవర్నీ నమ్మి లాభం లేదు. వాణ్ణి కళ్లారా పట్టుకుంటే తప్ప తన మాటకు విలువ లేదు.

సాయంత్రం కొత్తాయన డ్యూటీకి వచ్చాడు. బాబాయ్ ఎప్పటిలాగే చేతులు కడుక్కుని, సంచి తీసుకుని, ముందు గుమ్మంలోంచి బయటికి నడిచాడు. బట్టలుతికే గదుల వెనక నుంచి చుట్టూ తిరిగి, ఖాళీ సిలిండర్లు దించే వెనక తలుపు గుండా మళ్లీ లోపలికి వచ్చాడు. గోడ పక్కన పేర్చిన ఖాళీల వెనక నిలబడ్డాడు. కిటికీలోంచి ఇంకా వెలుతురు పడుతోంది. చేతిలో పానా ఉంది. దాన్నెందుకు తీసుకున్నాడో ఆయనకే తెలియదు.

కొత్తాయన కుర్చీలో కూర్చోలేదు. సంచి కింద పెట్టి సూటిగా వాల్వు దగ్గరికి వెళ్లాడు. సుద్దగీత మీద వేలు ఆనించి చూశాడు. తర్వాత రెండు చేతులతో చక్రం పట్టుకుని తిప్పాడు.

మూసే వైపు.

బాబాయ్ కేక వెయ్యబోయి ఆగాడు. ఎందుకంటే ఆ చేతులు వెంటనే వెనక్కి తిరిగాయి. చక్రం చివరంటా తెరుచుకుంది.

"తెరిచాను," అన్నాడు కొత్తాయన పైకే.

కుర్చీ వైపు నడిచాడు. సగం దూరంలో ఆగాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. మూసే వైపు కొంచెం, తెరిచే వైపు పూర్తిగా. "తెరిచాను. ఇప్పుడే తెరిచాను." ఫోను తీసి ఫొటో కొట్టాడు. ఫొటోను చూశాడు, వాల్వును చూశాడు, ఫొటోను మళ్లీ చూశాడు. కుర్చీ దాకా వెళ్లి, కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచాడు. మళ్లీ వాల్వు. "తెరిచే ఉంది కదా. తెరిచే ఉంది."

సిలిండర్ల వెనక నుంచి బాబాయ్ అంతా చూశాడు. ఈ నడక ఆయనకు తెలుసు. ఈ ఆగడం, ఈ వెనక్కి రావడం, చూసిన కంటినీ తాకిన చేతినీ నమ్మలేకపోవడం, అన్నీ తెలుసు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇదే గదిలో తను చేస్తున్నది ఇదే.

పానా జారి కింద పడింది.

కొత్తాయన గిర్రున తిరిగాడు. పారిపోలేదు. రెండు చేతులూ బారచాపి వాల్వుకు అడ్డంగా నిలబడ్డాడు.

"దీని జోలికి రాకండన్నా," అన్నాడు. "మీ కాళ్లు పట్టుకుంటాను. నన్నేమన్నా చెయ్యండి, దీని జోలికి మాత్రం రాకండి."

"నేనా? నేనెందుకొస్తాను? రోజూ కదుపుతున్నది నువ్వు."

"నేను పొద్దున దిగేటప్పుడు ఫొటో తీసుకుని వెళ్తున్నాను. సాయంత్రం వచ్చేసరికి చక్రం అక్కడ ఉండటం లేదు. మీరే తిప్పుతున్నారు. నన్ను ఇరికించడానికి."

బయట ట్యాంకు బుసకొడుతోంది. బాబాయ్ ముందుగా ఒక బోర్లించిన పెట్టె మీద కూలబడ్డాడు.

"తిప్పుతున్నాను," అన్నాడు. "తెరిచి ఉందో లేదో అని. తిరిగి తెరిచే పెడుతున్నాను, వేలెడంత అటూ ఇటూగా."

కొత్తాయన చేతులు నెమ్మదిగా కిందికి దిగాయి. "నేనూ అంతే," అన్నాడు.

"మరి ఆ గీత?"

"కదిలినట్టు మీరు చూస్తే ఏమనుకుంటారోనని నేనే తుడిచి గీశాను. మీరు నన్ను కనిపెడుతున్నారని తెలుసు."

తర్వాత కొత్తాయన, వాల్వును వీపుతో ఆనుకునే, నేల చూపులు చూస్తూ చెప్పాడు. "ఆ రోజు తెల్లవారుజామున సిలిండర్లు మార్చానన్నా. మార్చేటప్పుడు మూశాను. తర్వాత తెరిచానా లేదా గుర్తులేదు. తెరిచే ఉంటాను. ఎప్పుడూ తెరుస్తాను కదా. కానీ గుర్తులేదు. విచారణలో అడుగుతారని కాచుకుని కూర్చున్నాను. వాళ్లు అడగలేదు."

ఇన్నాళ్లూ బాబాయ్ వినాలని తపించిన మాట ఇదే. విన్న మొదటి క్షణం ఆయనకు కలిగింది జాలి కాదు, సంతోషం. భుజాల మీది బరువెవరో ఎత్తుకుపోతున్నట్టు, కడుపులోంచి ఒక చల్లదనం. ఇప్పుడు లేచి, వీణ్ణి రెక్క పట్టుకుని లాక్కెళ్లి, అందరి ముందూ నిలబెడితే చాలు. తను ఒడ్డున పడతాడు.

కానీ కొత్తాయన ఇంకా మాట్లాడుతున్నాడు.

"పొద్దున ఇంటికి రైలు పట్టాల పక్కనుంచి నడిచి వెళ్తున్నానన్నా. మా ఇల్లు అటు కాదు." ఆ మాట ఏ బరువూ లేకుండా, బస్సు దొరకలేదని చెప్పినట్టు చెప్పాడు.

బాబాయ్ ఒంట్లోని ఆ చల్లదనం ఒక్కసారిగా ఇంకోలా మారింది. లేచి వెళ్లి కొత్తాయన చెయ్యి పట్టుకున్నాడు. మనిషిని ముట్టుకుని ఎన్నాళ్లయిందో. ఆ అరచేయి బొబ్బలెక్కి గరుకుగా ఉంది, అచ్చం తన చేయిలాగే.

"ఇలా కూర్చో. నా మాట విను. పొద్దున డ్యూటీ ఎక్కగానే ఆ వాల్వు మీద చెయ్యి పెట్టి చూడాల్సింది ఎవరు? నేను. ఆ రోజు పెట్టలేదు. పెద్దాయన కుర్చీలో నువ్వు కూర్చున్నావని నీ మొహం చూడ్డం ఇష్టం లేక, నువ్వు గేటు దాటేదాకా బయటే నిలబడ్డాను. వచ్చి కూర్చున్నాను. చూడలేదు. అలారం మోగాక తిప్పాను. మూసి ఉన్నదాన్ని తెరిచానో, తెరిచి ఉన్నదాన్ని ఊపానో నాకూ గుర్తులేదు."

"అయితే తప్పెవరిదన్నా?"

"తెలియదు తమ్ముడూ." ఆ పిలుపు తన నోటి వెంట ఎలా వచ్చిందో బాబాయ్‌కి తెలియలేదు. "నాకు నిజంగా తెలియదు. కానీ రేపు పొద్దున నువ్వు ఒంటరిగా ఆ దారిన వెళ్లవు. అది మాత్రం తెలుసు."

చెయ్యి వదలకుండానే రెండో చేత్తో హెడ్ సిస్టర్‌కి ఫోను చేశాడు. "సిస్టరమ్మా, ఆ రెండో అంతస్తు డాక్టరమ్మ ఉందా ఇంకా? ఇద్దరం వస్తాం. షెడ్డులో కూర్చోవడానికి మనిషి కావాలి."

ఆమె ఎందుకని అడగలేదు. ఆసుపత్రి ఇంజినీరును వెంటబెట్టుకుని తనే వచ్చింది. ఇంజినీరు కుర్చీలో కూర్చునే ముందు బాబాయ్, కొత్తాయన ఇద్దరూ ఆయన చెయ్యి పట్టుకుని వాల్వు మీద పెట్టించారు. ఆయన బిత్తరపోయి చూశాడు గానీ చెయ్యి తియ్యలేదు.

మెట్లెక్కుతూ హెడ్ సిస్టర్ చెప్పింది. "పిన్ని నాకు నాలుగుసార్లు ఫోను చేసింది బాబాయ్. నిద్రపోవట్లేదని, తిండి తినట్లేదని. నీకు తెలిస్తే కోప్పడతావని చెప్పొద్దంది."

బాబాయ్ మెట్టు మీద ఆగాడు. పొద్దున తాగకుండా వదిలేసిన టీ గుర్తొచ్చింది. దాన్ని అనుమానించింది ఎందుకో, ఎంతవరకో తలచుకుంటే సిగ్గేసింది. "ఇంటికెళ్లాక నేనే చెప్తాను లే," అన్నాడు.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. ముందు కొత్తాయనతో చాలాసేపు తలుపు వేసుకుని మాట్లాడింది. ఆ రాత్రి అతన్ని ఇంటికి పంపలేదు. వాళ్ల అక్కను పిలిపించి, పక్కన మనిషి తోడుండేలా, అక్కడే ఒక గదిలో పడుకోబెట్టారు. బాబాయ్ వంతు వచ్చాక ఆయన కుర్చీ అంచున కూర్చుని, మొదట ఆమె కలం వైపే చూశాడు. ఆమె అది గమనించి కలానికి మూత పెట్టి సొరుగులో వేసింది. అప్పుడు కూడా వెంటనే నమ్మలేదు. సొరుగులో ఇంకేమైనా ఉందేమో అనుకున్నాడు. మూడోసారి వెళ్లినప్పుడు గానీ పెద్దాయన పేరు ఎత్తలేకపోయాడు.

వాల్వు సంగతి ఇద్దరూ పైవాళ్లకు చెప్పేశారు. ఇంజినీరు పాత లెక్కలన్నీ తిరగేసి, సిలిండర్ల గొట్టం పాతకాలంలో ఉన్న మంచాలకు సరిపడా వేసిందనీ, జబ్బు వచ్చాక మంచాలు రెట్టింపయ్యాయనీ, వాల్వు బార్లా తెరిచి ఉన్నా ఆ రోజు ముల్లు పడిపోయి ఉండేదేననీ చెప్పాడు. "ఎంత పడేది?" అని అడిగాడు బాబాయ్. ఇంజినీరు నిజాయితీ గల మనిషి. "అది నేను చెప్పలేను బాబాయ్," అన్నాడు. ఆ మాటతో బాబాయ్ గుండె తేలికపడలేదు. కానీ ఎవరూ చెప్పలేని దాన్ని తనొక్కడే కూర్చుని తేల్చక్కర్లేదన్న సంగతి కొద్దికొద్దిగా ఒంటికి పట్టింది. ఆ తర్వాత డ్యూటీ మారేటప్పుడు దిగేవాడూ ఎక్కేవాడూ కలిసి చెయ్యి పెట్టి, పైకి చెప్పి మారాలని నిబంధన పెట్టారు.

భార్యకు కూడా చెప్పాడు, టీ దగ్గర్నుంచి మొదలుపెట్టి. ఆమె మొత్తం విని, "విషం పెట్టాలంటే ఇన్నేళ్లు ఆగుతానా?" అంది. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో బాబాయ్ అడగలేదు.

కొత్తాయన మళ్లీ షెడ్డుకు రాలేదు. కొన్నాళ్లు అక్కగారింట్లో ఉండి, మందులు వాడి, కాస్త కోలుకున్నాక అక్కడికి దగ్గర్లోనే ఒక బట్టల మిల్లులో పనికి కుదిరాడు. మొదట్లో రోజూ సాయంత్రం ఫోను చేసేవాడు. ఎలా ఉన్నారని కూడా అడిగేవాడు కాదు. "అన్నా, తెరిచే ఉందా?" అనేవాడు. "తెరిచే ఉంది, ఇద్దరం చెయ్యి పెట్టి చూశాం" అనేవాడు బాబాయ్. అంతే, పెట్టేసేవాడు. పోను పోను రోజు విడిచి రోజయింది. తర్వాత ఎప్పుడో ఒకసారి అయింది. ఎప్పుడు చేసినా ఆ ప్రశ్న మాత్రం తప్పేది కాదు.

జబ్బు కాస్త తగ్గుముఖం పట్టి, మాస్కుల వెనక మొహాలు ఒక్కొక్కటే బయటపడుతున్న రోజుల్లో, ఒక ఆదివారం బాబాయ్ భోజనానికి కూర్చుంటుండగా ఫోను మోగింది. కొత్తాయన మిల్లు గురించి చెప్పాడు. మేస్త్రీ ఒకడు రోజూ నిద్రపోయి గురక పెడతాడనీ, ఆ గురక మిషన్ల చప్పుడును కూడా మింగేస్తుందనీ చెప్పాడు. అక్క కూతురికి సైకిలు నేర్పుతూ కాలవలో పడ్డానన్నాడు. పాత సైకిలు బాగుచేయించడం మంచిదా, కొత్తది కొనడం మంచిదా అని సలహా అడిగాడు. బాబాయ్ చెప్పింది విని, "సరే అన్నా, ఉంటాను. వదినను అడిగానని చెప్పండి" అన్నాడు.

బాబాయ్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉండిపోయాడు. అవతల ఎప్పుడో పెట్టేశారు.

"ఏమిటండీ, ఏమన్నాడు?" భార్య వడ్డిస్తూ అడిగింది.

"తెరిచే ఉందా అని అడగలేదు," అన్నాడు బాబాయ్.

"అడగకపోతే అంతసేపు ఏం మాట్లాడుకున్నారు?"

"సైకిళ్ల గురించి," అని బాబాయ్ కంచం దగ్గరికి జరుపుకున్నాడు.